అడవి అంచున అంతర్జాతీయ వైద్యవిద్య: భద్రాచలం సరిహద్దు కోరుతున్న వైద్యుడు

(ప్రత్యేక వ్యాసం)

ఖమ్మం: ఏటా నీట్ ఫలితాలు వెలువడిన కొద్ది వారాలకే ఖమ్మం, కొత్తగూడెం పట్టణాలలో విదేశీ ఎం.బి.బి.ఎస్. ప్రవేశాల ప్రకటనలు దర్శనమివ్వడం పరిపాటి. రష్యా, జార్జియా, కిర్గిజ్‌స్థాన్, కజకిస్థాన్, ఫిలిప్పీన్స్ తదితర దేశాల విశ్వవిద్యాలయ భవనాలు, తరగతి గదులు, వసతి గృహాలు ఆ ప్రకటనలలో కనిపిస్తాయి. రోగి మాత్రం ఎక్కడా కనిపించడు. వైద్యవిద్యకు అంతర్జాతీయ ప్రణాళికను రూపొందించేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇక్కడే ఉన్నది. ఈ విద్యార్థి రేపు ఎవరికి వైద్యం చేయబోతున్నాడు? చర్ల, దుమ్ముగూడెం మండలాల అటవీ గ్రామాల నుండి వానకాలపు జ్వరంతో ఒక కోయ బాలికను అతని ముందుకు తీసుకువస్తే, పరాయి దేశంలో ఏళ్ల తరబడి చదివిన చదువు ఆ బిడ్డకు ఎంతవరకు అక్కరకు వస్తుంది?

భద్రాచలం ప్రాంతం పాలనాపరంగా పలుమార్లు చేతులు మారిన నేల. తూర్పు గోదావరి జిల్లాలోని భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో ఖమ్మం జిల్లాలో చేరాయి. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు, భద్రాచలం మండలాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఆవిర్భవించింది. గీతలు ఎన్ని మారినా రోగుల దారి మాత్రం మారలేదు. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి తెలంగాణ గ్రామాల నుండే కాక ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దు గ్రామాల నుండి కూడా రోగులు వస్తుంటారు. తెలుగు, కోయ, హిందీ, ఒడియా మాటలు అక్కడ ఒకే వరండాలో వినిపిస్తాయి. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో నెలకొన్న అలజడి కారణంగా వలస వచ్చి అడవిలో చిన్న చిన్న ఆవాసాలు కట్టుకున్న గొత్తికోయలు, అత్యంత వెనుకబడిన గిరిజన తెగగా గుర్తింపు పొందిన కొండరెడ్లు ఈ ప్రాంతవాసులే.

బయటి దేశాల చదువు: నిబంధనలు ఏమంటున్నాయి

విదేశాలలో వైద్యపట్టా పొందిన భారతీయులు స్వదేశంలో వైద్యవృత్తి చేపట్టాలంటే అర్హత పరీక్షలో ఉత్తీర్ణులు కావాలన్న నియమం 2002 నుండి అమలులో ఉన్నది. ఎఫ్.ఎం.జి.ఇ.గా పేరొందిన ఈ పరీక్షను జాతీయ పరీక్షల మండలి ఏటా రెండు విడతలుగా నిర్వహిస్తున్నది. మూడు వందల ప్రశ్నలకు కనీసం నూట యాభై మార్కులు రావాలి. చాలా విడతలలో పరీక్ష రాసినవారిలో మూడో వంతు మంది కూడా గట్టెక్కలేదు. విదేశాలలో చేరబోయేవారికి సైతం నీట్ అర్హత 2018 నుండి తప్పనిసరి అయినది.

జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు 18న ప్రకటించిన నిబంధనలు మరింత స్పష్టమైనవి. ఆ తరువాత విదేశాలలో చేరినవారి చదువు కనీసం 54 నెలలు ఉండాలి. బోధన ఆంగ్లంలో జరగాలి. అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. ఆ పట్టాతో ఆ దేశంలోనే వైద్యునిగా నమోదు కాగలిగి ఉండాలి. చేరిన నాటి నుండి పదేళ్లలో అంతా ముగియాలి. స్వదేశానికి వచ్చిన తరువాత మరో 12 నెలల పర్యవేక్షిత ఇంటర్న్‌షిప్ చేయాలి.

పాత్రికేయులు, అధికారులు ప్రత్యేకంగా గమనించవలసిన నిబంధన మరొకటి ఉన్నది. విదేశీ కోర్సులోని ఏ భాగాన్నీ భారతదేశంలో గానీ, పట్టా ఇచ్చే దేశం కాక మరో దేశంలో గానీ పూర్తి చేయరాదు. "మూడేళ్లు అక్కడ, మూడేళ్లు ఇక్కడ" అంటూ ఎవరైనా ప్రచారం చేసినట్లయితే, ఆ ఒక్క నిబంధనను వారి ముందుంచితే చాలును. అయితే దీని ప్రభావం మరో వైపు నుండి కూడా ఉన్నది. విదేశంలో చదువుతున్న ఖమ్మం విద్యార్థిని భద్రాచలం ఆసుపత్రిలో కొన్ని నెలలు పనిచేయించి, దానిని ఆ కోర్సులో భాగంగా లెక్కించడానికి వీలు లేదు. అతడు చదువులో భాగంగా అడవి రోగిని చట్టబద్ధంగా కలుసుకోగల మొదటి సందర్భం తిరిగి వచ్చి, పరీక్ష నెగ్గిన తరువాత చేసే పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ మాత్రమే. రూపకల్పన చేసేవారికి దొరికిన చోటు చిన్నదే అయినా అది ఉన్నది.

2022 ఫిబ్రవరి 24న మొదలైన ఉక్రెయిన్ యుద్ధం ఈ చదువుల పునాది ఎంత సున్నితమైనదో తెలియజేసింది. అక్కడి నుండి సుమారు 22,500 మంది భారతీయులు తిరిగివచ్చారు. వారిలో అధికులు వైద్య విద్యార్థులే. తెలుగు రాష్ట్రాల కుటుంబాలు ఆ రోజులలో పడిన ఆందోళనను పాత్రికేయ మిత్రులు స్వయంగా నమోదు చేసినవారే కనుక ఇక్కడ విస్తరించవలసిన పని లేదు.

సికింద్రాబాదు నుండి లివర్‌పూల్‌కు

అంతర్జాతీయ వైద్యవిద్య అనగానే ఇక్కడి విద్యార్థి బయటికి వెళ్లడమే స్ఫురిస్తుంది. చరిత్రలో పాఠం ఇక్కడి నుండి అక్కడికి వెళ్లిన ఉదాహరణ తెలుగు నేలపైనే ఉన్నది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో పనిచేస్తున్న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించారు. మరుసటి యేడు లివర్‌పూల్‌లో ఉష్ణమండల వైద్య పాఠశాల నెలకొన్నది. 1899లో రాస్ అక్కడ అధ్యాపకునిగా చేరారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. దక్కను దోమ నుండి గ్రహించిన విషయం ఇంగ్లండు రేవు పట్టణంలో పాఠ్యాంశమై, అక్కడి నుండి ప్రపంచమంతటికీ చేరినది. నూట పాతికేళ్లు గడిచిన తరువాత అదే మలేరియాను గురించి మన విద్యార్థి చలి దేశంలో స్లైడులపై చదివి వస్తున్నాడు!

భద్రాచలం సరిహద్దులో మలేరియా కేసులు గతంతో పోలిస్తే తగ్గినప్పటికీ, ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం ఈ అడవులకు కొత్తది కాదు. దాని చికిత్స పుస్తకంలో నాలుగు వాక్యాలు. రాపిడ్ కిట్‌తో వేలి కొన నుండి రక్తం తీసి పరీక్షించాలి. ఫాల్సిపారం అని తేలితే ఆర్టీసునేట్‌తో పాటు సల్ఫాడాక్సిన్-పైరిమెథమైన్ ఇవ్వాలి, రెండో రోజు ప్రైమాక్విన్ ఒక మోతాదు ఇవ్వాలి. వైవాక్స్ రకమైతే మూడు రోజుల క్లోరోక్విన్, పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్. తీవ్ర లక్షణాలుంటే ఆర్టీసునేట్ ఇంజెక్షన్. పరీక్షలో ఇంత రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వస్తాయి.

అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది. జి-6-పి.డి. అనే ఎంజైము లోపించినవారికి ప్రైమాక్విన్ ఇస్తే ఎర్రరక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉన్నది. గిరిజన తెగలలో కనిపించే సికిల్ సెల్ వ్యాధి మరో చిక్కు. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే ఆ జన్యువు సంక్రమించిన బిడ్డకు తీవ్రమైన మలేరియా నుండి కొంత రక్షణ లభిస్తుంది. ఇద్దరి నుండీ వచ్చిన బిడ్డకు అదే మలేరియా ప్రాణగండం. సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమాన్ని 2023 జులై 1న ప్రారంభించిన సంగతి విదితమే. అంటే ఒక్క మాత్ర చుట్టూ జీవరసాయన శాస్త్రం, ఔషధ శాస్త్రం, జన్యుశాస్త్రం, పిల్లల వైద్యం ముడిపడి ఉన్నాయి. వీటిని వేర్వేరు సంవత్సరాలలో వేర్వేరు పుస్తకాల నుండి చదివినవాడు ఒకే పడకపై ఒకే బిడ్డలో వాటన్నిటినీ చూడగలగాలి. పద్నాలుగు రోజుల మందు మూడో రోజు జ్వరం తగ్గగానే ఆగిపోతుందన్న సంగతి ఏ పుస్తకంలోను ప్రధానంగా ఉండదు. ఆశా కార్యకర్తకు మాత్రం బాగా తెలుసు.

పాముకాటు విషయం కూడా ఇటువంటిదే. కట్లపాము రాత్రివేళ నేలపై పడుకున్నవారిని కాటు వేస్తే నొప్పి, వాపు అంతగా ఉండకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తాయి. కాటు గుర్తు కోసం వెతికే వైద్యుడు విలువైన సమయాన్ని పోగొట్టుకుంటాడు. చాపపై పడుకున్నారా, మంచంపై పడుకున్నారా అని అడగడం తెలిసిన వైద్యుడు విరుగుడు మందు వైపు కదులుతాడు. ఈ ప్రశ్న యూరప్ వార్డులలో తలెత్తదు.

కాలం, దారి

విద్యార్థుల క్షేత్ర పర్యటనలను సాధారణంగా డిసెంబరు, జనవరి నెలలలో ఏర్పాటు చేయడం అందరికీ అనుకూలం. రోడ్లు బాగుంటాయి, వాతావరణం ఆహ్లాదకరం, ముక్కోటి ఏకాదశి ఉత్సవాలు కూడా అప్పుడే. అడవి జ్వరాలు మాత్రం ఆ తేదీలకు కట్టుబడవు. వర్షాలు మొదలై గోదావరి పొంగే జులై నుండి అక్టోబరు వరకు గల కాలమే అసలు తరగతి. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదైనది. వాగులు పొంగి దారులు తెగిపోయే ముందే, ప్రసవ సమయం దగ్గరపడిన గర్భిణులను ఆసుపత్రులకు తరలించే ఏర్పాట్లను అధికార యంత్రాంగం చేస్తుంటుంది. ఎవరిని ముందు తరలించాలి, ఏ మందులు ఏ ఉపకేంద్రంలో ఎన్ని వారాలకు నిల్వ ఉంచాలి అన్న నిర్ణయాలు జరిగే గదిలో వైద్య విద్యార్థి ఒక మూల కూర్చుని వినగలిగితే, సముదాయ వైద్యశాస్త్రంలో అంతకు మించిన ఉపన్యాసం అవసరం లేదు. చలికాలపు పర్యటనకు ప్రయాణపు అనుకూలత తప్ప బోధనపరమైన కారణం ఏదీ లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2009 నాటి అనుభవం

ఖమ్మం జిల్లాకు అంతర్జాతీయ వైద్య కార్యక్రమాలు కొత్తవి కావు. వాటిలో ఒకదానిని ప్రస్తావించకుండా ఈ విషయాన్ని చర్చించడం సమంజసం కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకాపై ఒక ప్రదర్శక కార్యక్రమం 2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో ప్రారంభమైనది. అమెరికాకు చెందిన పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో భాగస్వాములు. బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ నిధులు సమకూర్చినది. పది నుండి పద్నాలుగు సంవత్సరాల వయసు గల సుమారు 14 వేల మంది బాలికలకు టీకాలు వేశారు. వారిలో ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాలలో ఉంటున్న గిరిజన బాలికలు అనేకులు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడా ఇదే కార్యక్రమం జరిగినది.

రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించిన దరిమిలా 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసింది. మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చునని కేంద్రం నియమించిన విచారణ సంఘం అభిప్రాయపడినది. అయితే అనుమతి పత్రాల విషయంలో బయటపడిన నిజాలు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాలలో 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతి గృహ వార్డెన్లు సంతకాలు చేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ కార్యక్రమాన్ని తీవ్రంగా ఆక్షేపించినది.

హెచ్.పి.వి. టీకా ప్రయోజనాన్ని ఆ తరువాతి శాస్త్రీయ ఆధారాలు బలపరిచాయి. అనేక దేశాలు దానిని బాలికలకు ఇస్తున్నాయి. మంచి టీకా సైతం అడగకుండా వేస్తే ఏమవుతుందో ఖమ్మం చూసినది. గోదావరి ఒడ్డున ఉన్న కోయ తల్లికి తన బిడ్డకు ఏమి ఎక్కిస్తున్నారో ఆమె భాషలో చెప్పి, ఆమె వద్దన్నప్పుడు ఆగగలగడం వైద్యవిద్యలో భాగం. ఎం.బి.బి.ఎస్. 2019 పాఠ్యప్రణాళికలో వైఖరి, నైతికత, సంభాషణ అనే అంశాలు చేరాయి. అవి తెలుగులో, ఆంగ్లంలో ఉపన్యాసాలుగా ముగిసిపోతే ప్రయోజనం స్వల్పం. అనుమతి ఎలా అడగాలో నేర్పడానికి ఈ ఉదంతాన్ని మించిన పాఠం, జిల్లా పేరుతో సహా, మరే దేశపు పుస్తకంలోనూ దొరకదు. ఈ జిల్లా కళాశాలలే దానిని బోధించడం సముచితం.

ఇతర దేశాలు చేసినది

ఇటువంటి ప్రాంతాలకు తగిన వైద్యులను తయారు చేసుకున్న దేశాలు లేకపోలేదు. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయపు వైద్య పాఠశాల 2000లో మొదలైనది. ఉష్ణమండల వ్యాధులు, మారుమూల గ్రామాలు, ఆదివాసీల ఆరోగ్యం దాని ప్రధానాంశాలు. ఆరేళ్ల చదువులో కనీసం ఇరవై వారాలు విద్యార్థి గ్రామీణ ప్రాంతంలో పనిచేయాలి. కెనడాలో 2005లో ప్రారంభమైన ఉత్తర అంటారియో వైద్య పాఠశాల మరింత ముందుకు వెళ్లినది. మొదటి సంవత్సరంలోనే విద్యార్థులు నాలుగు వారాలు ఆదివాసీ సముదాయంలో నివసిస్తారు. మూడో సంవత్సరంలో ఎనిమిది నెలల పాటు ఒక చిన్న పట్టణంలో ఉండి, అక్కడికి వచ్చే రోగులందరినీ చూస్తూ నేర్చుకుంటారు.

మనకు మరింత దగ్గరగా అనిపించేది ఫిలిప్పీన్స్ ప్రయోగం. 1976లో లేతే ద్వీపంలో నెలకొన్న ఆరోగ్య శాస్త్రాల పాఠశాలలో విద్యార్థిని గ్రామమే ఎంపిక చేసి పంపుతుంది. అదే విద్యార్థి మొదట మంత్రసాని చదువు, తరువాత నర్సు చదువు, అర్హతను బట్టి వైద్యుని చదువు మెట్టు మెట్టుగా పూర్తి చేస్తాడు. మధ్యమధ్య ఊరికి వెళ్లి సేవ చేస్తాడు. ఫిలిప్పీన్స్‌కు వైద్యవిద్య కోసం వెళ్లే తెలుగు విద్యార్థులు అనేకులు ఉన్నా, ఆ దేశం ప్రపంచానికి చూపిన ఈ నమూనా గురించి మన దగ్గర అంతగా చర్చ జరగలేదు. మరో విశేషం కూడా ఉన్నది. ప్రాథమిక ఆరోగ్య సేవలే పునాది అని 1978లో ప్రపంచ దేశాలు ప్రకటించిన ఆల్మా ఆటా నగరమే నేటి ఆల్మాటీ. కజకిస్థాన్‌లోని ఆ నగరం ఇప్పుడు భారత వైద్య విద్యార్థులకు ఒక గమ్యస్థానం. అక్కడి నుండి తిరిగివచ్చినవారిలో ఎందరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైపు చూస్తారన్నది వేరు సంగతి.

మన దేశంలోనే సేవాగ్రామ్‌లో 1969లో స్థాపించిన మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థ విద్యార్థులు తొలి యేటనే గ్రామంలో శిబిరం వేసుకుని ఉంటారు. అంతర్జాతీయ నమూనాల కోసం అన్నిసార్లూ సముద్రం దాటవలసిన పని లేదు.

ఇక్కడ చేయదగినది

ఖమ్మంలో 1998 నుండి మమత వైద్య కళాశాల ఉన్నది. కొత్తగూడెం ప్రభుత్వ వైద్య కళాశాల 2022 నవంబరు 15న, ఖమ్మం ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరు 15న ప్రారంభమయ్యాయి. అడవికి ఇంత సమీపంగా ప్రభుత్వ వైద్యవిద్య రావడం ఈ ప్రాంత చరిత్రలో మొదటిసారి. ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు గ్రామ కుటుంబాలను దత్తత తీసుకుని వారి ఆరోగ్యాన్ని గమనించే విధానాన్ని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రవేశపెట్టింది. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రులలో పనిచేసే విధానం 2021 బ్యాచ్ నుండి వర్తిస్తున్నది. దత్తత కుటుంబాలను రోడ్డు పక్క ఊళ్లలోనే ఎంచుకోవచ్చు. దుమ్ముగూడెం లోతట్టు గ్రామాలలోనూ ఎంచుకోవచ్చు. నిబంధన రెండింటినీ అనుమతిస్తుంది. వైద్యునిగా విద్యార్థి ఎలా తయారవుతాడన్నది మాత్రం ఈ ఎంపికను బట్టి మారుతుంది.

విదేశీ పట్టభద్రుల విషయానికి వస్తే, కళాశాలలకు అనుమతించిన ఇంటర్న్‌షిప్ స్థానాలకు అదనంగా 7.5 శాతం వరకు వారిని తీసుకునే వీలును కమిషన్ కల్పించినది. వారు తీరికగా నగరంలో గడపగల సంవత్సరంగా దీనిని భావించకుండా, వర్షాకాలపు నెలలలో భద్రాచలం ఏరియా ఆసుపత్రి, దాని పరిధిలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో ముడిపెట్టడం సాధ్యమే. ఇందుకు అదనపు భవనాలు అవసరం లేదు. పర్యవేక్షించే సీనియర్ వైద్యులు, తలదాచుకునే వసతి, వరద సమయంలో వెనుకకు తీసుకువచ్చే వాహనం, కోయ భాషలో ప్రాథమిక సంభాషణ నేర్పే ఒక స్థానిక ఉపాధ్యాయుడు కావాలి. వీటిలో మొదటిది దొరకడమే కష్టం. సీనియర్లు లేని చోటికి ఇంటర్న్‌లను పంపితే అది శిక్షణ కాదు. ఖాళీ పోస్టును చౌకగా నింపుకోవడమే అవుతుంది. ఆ తేడాను అధికారులు కాగితంపైనే స్పష్టం చేయవలసి ఉన్నది.

విదేశీ విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థులను ఇక్కడికి పంపదలచుకుంటే స్వాగతించవచ్చును. ఉష్ణమండల వ్యాధులను కళ్లారా చూసే అవకాశం వారికి అపురూపం. కాని రోగి ఫొటో తీయడానికి, రక్తనమూనా దేశం దాటించడానికి, పరిశోధనా పత్రంలో గ్రామం పేరు రాయడానికి ఎవరి అనుమతి, ఏ భాషలో కావాలన్నది ఒప్పందంలో ముందుగానే ఉండాలి. వచ్చిన విద్యార్థి తిరిగి వెళ్లేటప్పుడు ఇక్కడి విద్యార్థి కూడా అక్కడి వార్డు చూడగలగాలి. ఒకవైపు మాత్రమే నడిచే మార్పిడిని భాగస్వామ్యం అనలేము.

కొత్తగూడెం కళాశాల తొలి బ్యాచ్ చదువు నాలుగున్నరేళ్ల లెక్క ప్రకారం సకాలంలో సాగితే 2027లో ఇంటర్న్‌షిప్‌కు చేరుకుంటుంది. ఖమ్మం కళాశాల విద్యార్థులు మరుసటి యేడు వస్తారు. వారి విధుల పట్టికలో భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం పేర్లు ఏ నెలల ఎదుట ఉండాలన్నది 2027 వర్షాలకు ముందే తేలవలసిన విషయం.